తగ్గించిన గోళీకి కారణం చెప్పాలి

“థైరాయిడ్ గోళీ తగ్గిచ్చిండ్రా? మంచిదే గదా!” అచ్చంపేటలో ఏ వాడకు పోయినా ఈ మాటే వినపడుతుంది. వంద మైక్రోగ్రాముల గోళీ యాభైకి వచ్చిందంటే రోగం సగం పోయిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. మెడికల్ షాపులో అదే మాట, పక్కింట్లో అదే మాట. నెలకో రెండు నెలలకో ఆ మనిషి “నాకు ఒంట్లో బాగుంటలేదు” అంటే మాత్రం సంబరం కాస్తా చిరాకవుతుంది. “డాక్టరుకు తెల్వదా? నీకు ఎక్కువ తెలుసా?” అని నోరు మూయిస్తారు. ఈ రెండు మాటలూ తప్పు. మొదటిది ఆ మందు ఒంట్లో చేసే పనిని తప్పుగా అర్థం చేసుకోవడం. రెండోది అంతకంటే పెద్ద తప్పు. మందు మింగే మనిషికి తన మందు గురించి అడిగే హక్కు లేదనడం.

మొదటి మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది. మన ఇళ్లలోకి థైరాయిడ్ కంటే ముందు బీపీ, షుగర్ వచ్చాయి. ఆ రెంటిలో అంకె దిగితే మంచిది, గోళీ తగ్గితే ఇంకా మంచిది. ఆ లెక్కే దీనికీ వేస్తున్నాం. థైరాయిడ్ తక్కువైనవాళ్లకు చేసే టీఎస్‌హెచ్ పరీక్ష అలా నడవదు. టీఎస్‌హెచ్ గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పని చెయ్యమని తొందరపెట్టడానికి వదిలే హార్మోను అది. ఒంట్లో థైరాయిడ్ గ్రంథి చేసే థైరాక్సిన్ హార్మోను చాలకపోతే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. ల్యాబును బట్టి కొంచెం అటూఇటూగా 0.4 నుంచి 4 దాకా మామూలు అంటారు. రోజూ గోళీ వేసుకునే మనిషి రిపోర్టులో 2 వచ్చిందంటే, ఆ 2 గోళీ వల్ల వచ్చిన అంకె. గ్రంథి బాగుపడి వచ్చిన అంకె కాదు. “నార్మల్ వచ్చింది కాబట్టి తగ్గిద్దాం” అనడానికి అందులో ఏ ఆధారమూ లేదు.

పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఈ రోగం రావడానికి కారణం హషిమోటో. అంటే ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. అలా పోయిన గ్రంథి సాధారణంగా తిరిగి రాదు. ఆపరేషన్‌తో గ్రంథి తీసేసినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాన్పు తర్వాత కొందరికి వచ్చే తాత్కాలిక వాపులాంటివి వేరు. వాటిలో కొన్నాళ్లకు గోళీ నిజంగానే మానెయ్యవచ్చు. మిగిలినవాళ్లకు ఆ గోళీ రోగాన్ని తరిమే మందు కాదు, ఒళ్లు తయారు చేసుకోలేకపోతున్న హార్మోనే. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు 1891లో గొర్రెల థైరాయిడ్ రసాన్ని 46 ఏళ్ల ఒక స్త్రీకి ఇంజెక్షన్‌గా ఇవ్వడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆ రోగం ముదిరితే చావే. ఆమె మరో 28 ఏళ్లు, 1919 దాకా బతికింది. అన్నేళ్లలో ఆమెకు 870కి పైగా గొర్రెల గ్రంథులు పట్టాయి. ఆమె మందు తగ్గించుకుంటూ పోయి బాగుపడలేదు, మందు మానకుండా వాడి బతికింది. ఇవాళ అదే హార్మోను చిన్న గోళీగా, ప్రభుత్వం ధర కట్టడి చేసిన మందుల్లో ఒకటిగా, మన బస్టాండు పక్క షాపులో దొరుకుతోంది. దాన్ని ఎంత తక్కువ వాడితే అంత గొప్ప అనుకోవడానికి అదేమీ నొప్పి గోళీ కాదు.

ఇదేదో అరుదైన రోగమని కొట్టిపారేసే వీలు లేదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉన్నట్టు తేలింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. నల్లమల అంచున ఉన్న మన దగ్గర కూడా పరగడుపున గోళీ వేసుకునే ఆడవాళ్లు ప్రతి వాడకట్టులో ఉన్నారు.

మా వదిన సంగతి చెబుతాను. నలభైలు దాటిన మనిషి, ఏళ్లుగా వంద మైక్రోగ్రాముల మీద నిలకడగా ఉంది. కిందటేడు జుట్టు బాగా రాలుతోందని ఎవరో చెబితే జుట్టు గోళీలు తెచ్చుకుంది. ఆ తర్వాత మామూలుగా చేయించిన పరీక్షలో టీఎస్‌హెచ్ 0.2 వచ్చింది. ఒక ప్రైవేటు ఆస్పత్రి వైద్యుడు ఆ కాగితం చూసి, డోసు ఎక్కువైందని నేరుగా యాభైకి తగ్గించాడు. ఇంకేం మందులు వాడుతున్నావని అడగలేదు. మళ్లీ పరీక్ష ఎప్పుడో చెప్పలేదు. “తగ్గింది గదమ్మా, ఇంకేంది” అన్నాడట. మా అన్న ఆ సాయంత్రం మిఠాయి తెచ్చాడు.

ఆ జుట్టు గోళీ అట్ట మీద సన్న అక్షరాల్లో ఒక పేరు ఉంది. బయోటిన్. మనిషికి రోజుకు కావల్సింది 30 మైక్రోగ్రాములైతే ఆ గోళీలో ఉన్నది 10,000. చాలా ల్యాబుల్లో హార్మోను పరీక్ష చేసే యంత్రాలు కొలతకు బయోటిన్‌నే వాడుకుంటాయి. రక్తంలో అది మితిమీరి ఉంటే ఆ యంత్రం టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను, అంటే థైరాక్సిన్‌ను, ఎక్కువగా చూపిస్తుంది. అంటే గోళీ సరిపోతున్న మనిషి కూడా కాగితం మీద గోళీ ఎక్కువైన మనిషిలా కనపడుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని గురించి 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని వైద్యులే చెబుతారు. థైరాయిడ్ ఉన్న ఆడవాళ్లకు జుట్టు రాలడం మామూలు. రాలితే జుట్టు గోళీ కొనుక్కోవడమూ మామూలే. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ 0.2 ఎక్కడిదో అప్పుడే బయటపడేది.

అంకెను తప్పుదారి పట్టించేవి ఇంకా ఉన్నాయి. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్ గోళీ, కాల్షియం గోళీ థైరాయిడ్ గోళీతో కలిపి వేసుకుంటే అది సరిగ్గా ఒంటికి పట్టదు. నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ ఎడం లేనప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది, డోసు పెంచుతారు. ఐరన్ కోర్సు అయిపోయాక పెంచిన డోసు మొత్తం ఒంటికి పట్టడం మొదలవుతుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది, డోసు తగ్గిస్తారు. మధ్యలో ఆ మనిషి ఒళ్లు అతలాకుతలం. రక్తం తీసిన వేళ కూడా లెక్కే. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. పదర నుంచో లింగాల నుంచో బస్సెక్కి అచ్చంపేట చేరి, ఏదో ఇంత తిని, పన్నెండు దాటాక రక్తమిచ్చిన ఆమె అంకెను, పోయిన సారి పొద్దున్నే పరగడుపున ఇచ్చిన అంకెతో పోల్చడం సరికాదు. తేడా పెద్దది కాకపోవచ్చు. హద్దు అంచున ఉన్న అంకెను అటో ఇటో తోసెయ్యడానికి మాత్రం అది చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. డోసు మార్చిన ప్రభావం రక్తంలో పూర్తిగా స్థిరపడాలంటే ఆరు వారాలు కావాలి. అందుకే మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ టీఎస్‌హెచ్ చూడాలన్నది వైద్యశాస్త్రం పెట్టుకున్న కట్టుబాటు. మార్పు కూడా మామూలుగా పన్నెండున్నరో పాతికో మైక్రోగ్రాముల చొప్పున జరగాలి. ఒక్కసారే సగానికి కోసి, మళ్లీ పరీక్ష తేదీ కూడా చెప్పకుండా పంపడం వైద్యంలో కొరతే. “మంచిదే గదా” అనే ఇంటి మాట ఆ కొరతను కప్పిపెడుతోంది. తగ్గితే మంచిదే అని రోగే నమ్మితే, మళ్లీ రమ్మని చెప్పాల్సిన అవసరం ఎవరికి కనపడుతుంది?

వదినకు మొదటి రెండు మూడు వారాలు ఏమీ కాలేదు. ఒంట్లో నిల్వ ఉన్నది నడిపించింది. అందుకే గోళీ తగ్గించడం సరైనదేనని ఇంట్లో అందరికీ రుజువైపోయింది. తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. ఫ్యాను కింద చలి. పొద్దున లేవగానే మొహం ఉబ్బు. మలబద్ధకం. నాలుగు మెట్లెక్కితే కాళ్లు బరువు. ఇంటి లెక్కల పుస్తకంలో కూడిక తప్పిపోవడం. ఆ మనిషి ఏనాడూ కూడిక తప్పిన మనిషి కాదు. అదే వైద్యుడి దగ్గరికి మళ్లీ పోతే “టెన్షన్ తగ్గించుకోమ్మా, యోగా చెయ్యి” అన్నాడు. పరీక్ష రాయలేదు.

రెండో మాట అసలు రూపం ఇదే. ఆడమనిషి అలసటకు టెన్షన్ అని పేరు పెట్టడం. ఇందులో పడని ఇల్లు లేదు. మగవాడు ఛాతీలో బరువు అంటే ఈసీజీ తీస్తారు, ఆడమనిషి ఒళ్లంతా బరువు అంటే సలహా ఇస్తారు. అలసట, చలి, మతిమరుపు, బరువు పెరగడం అనేవి థైరాయిడ్ తక్కువైతే వస్తాయని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. వేరే కారణాలతోనూ వస్తాయి, నిజమే. రక్తహీనత కావచ్చు, నిద్రలేమి కావచ్చు, నిజంగా మనసు బాగాలేకపోవడమూ కావచ్చు. థైరాయిడా కాదా అని తేల్చేది రక్తపరీక్ష. పరీక్ష చెయ్యకుండా టెన్షన్ అన్నవాళ్లు రోగాన్ని కనిపెట్టలేదు, రోగిని ఇంటికి పంపారు.

దీనికి ఎదురువాదం ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. న్యూజిలాండ్‌లో 2007లో ఎల్‌ట్రాక్సిన్ గోళీ తయారీ మారింది. రంగు, సైజు, లోపల కలిపే పొడి మారాయి, థైరాక్సిన్ మాత్రం అంతే ఉంది. అయినా 30 ఏళ్లలో 14 ఫిర్యాదులు వచ్చిన మందు మీద ఏడాదిన్నరలో 1,400కు పైగా వచ్చాయి. టీవీలో వార్తలు ఎక్కువగా వచ్చిన చోట్ల ఫిర్యాదులూ ఎక్కువగా వచ్చాయని పరిశోధకులు చూపించారు. “చూశారా, ఇదంతా మనసు చేసే పనే” అంటారు ఎదుటివాళ్లు. మనసు పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ అక్కడ థైరాక్సిన్ మారలేదు. ఇక్కడ సగమైంది. మారని మందు మీద వచ్చిన ఫిర్యాదును చూపించి, సగం కోసిన మందు మీద వచ్చిన ఫిర్యాదును భ్రమ అనడం ఏ తర్కానికీ నిలవదు.

ఫ్రాన్సులో 2017లో జరిగింది ఇంకా పాఠం చెప్పేది. లెవోథైరాక్స్ అనే గోళీలో మెర్క్ కంపెనీ లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ యాసిడ్ పెట్టింది. అక్కడా థైరాక్సిన్ మోతాదు మారలేదు. వేలమంది జుట్టు రాలుతోందని, కండరాలు పట్టేస్తున్నాయని, అలసటగా ఉందని మొరపెట్టుకున్నారు. లక్షలమంది అర్జీ మీద సంతకం పెట్టారు. ఆ అక్టోబరుకల్లా పాత ఫార్ములాను ప్రభుత్వం తిరిగి తెప్పించాల్సి వచ్చింది. కేసు కోర్టుకెక్కింది. 2020లో లియాన్ అప్పీలు కోర్టు 3,300 మందికి పైగా రోగులకు ఒక్కొక్కరికి 1,000 యూరోల చొప్పున ఇవ్వాలని తీర్పు చెప్పింది, 2022లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. కొత్త గోళీ చెడ్డదని కాదు ఆ తీర్పు. మార్చిన సంగతి రోగులకు సరిగ్గా చెప్పకపోవడమే తప్పు అన్నది. గోళీలో కలిపే పొడి మారితేనే చెప్పాలని ఒక దేశపు న్యాయస్థానం అన్నప్పుడు, గోళీలోని అసలు మందే సగం చేసినప్పుడు ఎందుకో చెప్పమని అడగడం అతి ఎలా అవుతుంది?

నేను డోసు తగ్గించడానికి వ్యతిరేకిని కాను. చాలాసార్లు తగ్గించడమే సరి, తగ్గించకపోవడమే ప్రమాదం. టీఎస్‌హెచ్‌ను కచ్చితంగా కొలిచే పరీక్షలు రాకముందు, 1960లలో, రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు ఇచ్చేవాళ్లు. పరీక్షలు వచ్చాకే అది ఎంత ఎక్కువో తెలిసింది, డోసులు దిగివచ్చాయి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 60 దాటినవాళ్లను పదేళ్లు గమనించి 1994లో వెల్లడించిన పరిశోధనలో, టీఎస్‌హెచ్ మరీ పడిపోయినవాళ్లకు గుండె లయ తప్పే రోగం మూడు రెట్లు ఎక్కువగా వచ్చింది. ముట్లుడిగిన ఆడవాళ్లకు డోసు ఎక్కువైతే ఎముకలు పల్చబడతాయి. 2017లో యూరప్‌లో 65 దాటిన 737 మందిపై జరిగిన పరీక్షలో, టీఎస్‌హెచ్ కొంచెమే ఎక్కువున్న పెద్దవాళ్లకు గోళీ ఇచ్చినా అలసటలో గానీ మిగతా లక్షణాల్లో గానీ మేలేమీ కనపడలేదు. గుండె దడదడలాడుతున్న డెబ్బై ఏళ్ల పెద్దమ్మకు డోసు తగ్గించిన వైద్యుడు ఆమె ప్రాణం కాపాడుతున్నాడు. ఆ మాట ఆమెకు చెబితే, ఆ గోళీ తగ్గడానికి అర్థం ఉందని ఆమెకు తెలుస్తుంది. చెప్పకపోతే, ఓపిక తగ్గిన రోజున పాత సీసాలోంచి వంద గోళీ తీసి వేసుకుంటుంది. ఇది నేను చూస్తున్నదే. కారణం చెప్పని తగ్గింపు రెండు వైపులా చెడగొడుతుంది. అవసరం లేని తగ్గింపును మంచిదే అని భరిస్తారు, అవసరమైన తగ్గింపును చాటుగా రద్దు చేసుకుంటారు.

చాటుగా పాత డోసు వేసుకోవడం మాత్రం అన్నిటికంటే చెడ్డ దారి. డాక్టరు మీద కోపమొచ్చి గోళీ మొత్తానికే మానెయ్యడం దానికి ఏమాత్రం తీసిపోదు. తర్వాతి పరీక్షలో వచ్చిన అంకె ఏ డోసుదో వైద్యుడికి తెలియదు. తప్పు లెక్క మీద ఇంకో తప్పు లెక్క వేస్తాడు. ఒంట్లో తేడా కనిపిస్తే చెయ్యాల్సింది చీటీ పట్టుకుని మళ్లీ పోవడం, లేదా ఇంకో వైద్యుణ్ని చూడటం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో తన వైద్యం గురించి తెలుసుకునే హక్కు, రిపోర్టులు తీసుకునే హక్కు, మరో వైద్యుడి అభిప్రాయం తీసుకునే హక్కు రాసి ఉన్నాయి. అడిగితే డాక్టరుకు కోపమొస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. గర్భం నిలిచినవాళ్లు అసలు ఆలస్యమే చెయ్యకూడదు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది, చాలామందికి డోసు పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. ఆ సమయంలో ఎవరైనా తగ్గించారంటే అదే రోజు కారణం అడిగి తీరాలి.

వదిన చివరికి ఇంకో వైద్యురాలి దగ్గరికి పోయింది. ఆమె జుట్టు గోళీలు ఆపించి, కొన్ని రోజులు ఆగి, పొద్దున్నే ఆ రోజు థైరాయిడ్ గోళీ వేసుకోకముందే రక్తం తీయించింది. టీఎస్‌హెచ్ పద్నాలుగు దాటింది. డోసు మళ్లీ పెంచింది, రెండు నెలల తర్వాతి తేదీ చీటీ మీద రాసింది. ఆ తేదీకి అంకె హద్దులోకి వచ్చింది.

ఓపీలో వందమంది కూర్చుని ఉంటే ప్రతి ఒక్కరికీ కారణం చెబుతూ కూర్చోవడం కుదరదని వైద్యులు అంటారు. వాళ్ల పని భారం నాకు తెలియనిది కాదు. కానీ నేనడుగుతున్నది ఉపన్యాసం కాదు, చీటీ మీద రెండు పంక్తులు. ఎందుకు తగ్గించారు, మళ్లీ పరీక్ష ఏ తేదీకి. “టీఎస్‌హెచ్ 0.1, గుండె దడ, 100 నుంచి 75. ఎనిమిది వారాలకు పరీక్ష.” రాయడానికి అర నిమిషం పట్టదు. మన దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆమెకు చదువు రాదు, చెప్పినా అర్థం కాదనేది ఇంకో సాకు. చదువు రాని ఆమెకు ఇంట్లో చదువుకునే మనవరాలు ఉంది, ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది. రాసి ఉంటే చదివి చెప్పేవాళ్లున్నారు, రాయనిదాన్ని ఎవరు చదువుతారు? పట్నంలో ఉన్నవాళ్లు అనుమానమొస్తే సాయంత్రానికి ఇంకో ల్యాబుకు, మర్నాటికి ఇంకో స్పెషలిస్టు దగ్గరికి పోగలరు. అమ్రాబాద్ పైనుంచి దిగి రావాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. తేదీ రాసి ఇవ్వకపోతే ఆమె మళ్లీ రాదు.

ప్రభుత్వం చెయ్యగలిగిందీ ఉంది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై 2021లో జిల్లాలకు వచ్చింది. థైరాయిడ్ పరీక్ష అందులో ఉచితం. నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. పరీక్షా ఉంది, వైద్యులను తయారుచేసే చోటూ ఉంది. డోసు మార్చినవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాసి, ఎనిమిదో వారంలో ఆశా కార్యకర్తతో కబురు పెట్టడానికి కొత్త భవనమేమీ కట్టక్కర్లేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల కోసం ఇళ్లకు తిరిగే ఆ చేతులకే ఇంకో కాలమ్ ఉన్న పుస్తకం ఇస్తే చాలు. రక్తం తీసే చోట “జుట్టు గోళీ వాడుతున్నారా? ఐరన్ వాడుతున్నారా? ఇవాళ గోళీ వేసుకున్నారా?” అన్న మూడు ప్రశ్నలు గోడ మీద తెలుగులో రాయించవచ్చు. జిల్లా వైద్యాధికారులు ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టాలని అడుగుతున్నాను.